సన్నాయి గురువుగారికి నోటి క్యాన్సర్: శిష్యులు ముందు ఏం చేయాలి, కచేరీ ఎప్పుడు పెట్టాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరులో ఉండే మీ సన్నాయి గురువుగారికి 52 ఏళ్ళు, వాళ్ళది షేక్ కుటుంబం. బుగ్గ లోపల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది, పది రోజుల్లో ఆపరేషన్. ఇంట్లో అమ్మగారు (గురువుగారి భార్య), ఇంటర్ చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి ఉన్నారు. అద్దె ఇల్లు. శిష్యులు, తోటి మేళాలవాళ్ళు కలిసి ఈ వైశాఖంలోనే సంగీత విభావరి పెట్టి, వచ్చిన డబ్బు ఇంట్లో ఇద్దామనుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలని అడిగారు.

కచేరీ ఇప్పుడు వద్దు, ఆషాఢంలో పెట్టండి. ఈ వారం చేయాల్సినవి వేరే ఉన్నాయి: వైద్యసేవ పథకంలో నమోదు, అమ్మగారి పేరు కలిపిన బ్యాంకు ఖాతా, ఒప్పుకున్న పెళ్ళిళ్ళను తోటి మేళానికి అప్పజెప్పడం. ఆ తర్వాత శిష్యులంతా నెలనెలా చిన్న మొత్తం వేసే ఏర్పాటు. కచేరీ వీటన్నిటి తర్వాతే.

ఎందుకంటే, ఇలాంటి ఇంటిని కూలదీసేది ఆపరేషన్ బిల్లు ఒక్కటే కాదు. ఆ బిల్లుకు పథకం ఉంది. పది నెలలు మేళం ఆగిపోయి, అద్దె, సరుకులు, ఫీజులు నడవకపోవడం దగ్గర కుటుంబం అప్పులపాలవుతుంది. మొదటి వారంలో అందరికీ ఆవేశం ఉంటుంది, డబ్బు కుప్పగా వస్తుంది. ఆ కుప్పను చూసి ఎవరో ఒక బంధువు "ఇంకా పెద్దాసుపత్రికి మారుద్దాం" అంటారు. పథకం కింద ఉచితంగా అయ్యే పనికే ఆ డబ్బంతా కట్టేస్తారు. రేడియేషన్ మధ్యలో, అసలు చేతిలో డబ్బు ఉండాల్సిన రోజుల్లో, ఇంట్లో పైసా ఉండదు. అప్పటికి ఇచ్చినవాళ్ళు "మొన్ననే ఇచ్చాంగా" అంటారు.

పథకం సంగతి

రైస్ కార్డు ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే మొన్నటి ఆరోగ్యశ్రీ, వర్తిస్తుంది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండటం ఒక్కటే చాలదు, క్యాన్సర్ విభాగానికి కూడా అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. అక్కడి డెస్కులో వైద్యమిత్ర ఉంటారు (జనం ఇంకా ఆరోగ్యమిత్ర అనే అంటారు). ఆధార్, రైస్ కార్డు, బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు తీసుకెళ్ళి ఆపరేషన్‌కు ముందే ప్రీ ఆథరైజేషన్ (పథకం ముందస్తు అనుమతి) పెట్టించాలి. ముందు డబ్బు కట్టేసి, ఆపరేషన్ అయ్యాక "పథకంలోకి మార్చండి" అంటే కుదరదు. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా అని ఈరోజే చూడండి. షేక్ కుటుంబం అన్నారు కాబట్టి మరీ జాగ్రత్త. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట "సాహెబ్" ఉండీ లేకా, ఇలా మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం మామూలే. వార్డు సచివాలయంలో ముందే సరిచేయిస్తే ఆపరేషన్ తేదీ వెనక్కి పోదు.

పథకం కింద చేరాక నెట్‌వర్క్ ఆసుపత్రి ప్యాకేజీలో ఉన్న పనికి విడిగా డబ్బు అడగకూడదు. అడిగితే అక్కడ గొడవపడొద్దు, 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, పక్కనే మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (బయాప్సీ ముక్కను దాచిన మైనం దిమ్మలు) ల్యాబ్ నుంచి రసీదు ఇచ్చి తీసుకోండి. బ్లాకు పోగొట్టుకుంటే బయాప్సీ మళ్ళీ చేయాల్సి వస్తుంది. ఒకవేళ విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో హైదరాబాద్‌కో వెళ్ళాల్సి వస్తే రైలు రాయితీ ఫారం మీద అక్కడి డాక్టరు సంతకం, సీలు వేయించండి. చికిత్సకో చెకప్‌కో వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ చార్జీ మొత్తం మాఫీ, తోడు వెళ్ళేవారికి ఆ తరగతుల్లో 75 శాతం తగ్గింపు.

పథకంలో పడని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టాలి. ఒరిజినల్ బిల్లులు అడుగుతారు కాబట్టి ప్రతి బిల్లూ ఒక ఫైల్లో, తేదీల వారీగా, రెండేసి జిరాక్సులతో ఉంచండి. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి వచ్చేది ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్తుంది, కనుక అది చికిత్సకు ముందు పెట్టాల్సిన దరఖాస్తు. ఈ రెండిటినీ నమ్ముకుని ఇంటి లెక్క వేయకండి. వస్తే సంతోషం.

గురువుగారు ఏదైనా గుళ్ళో జీతం మీద సన్నాయి వాయిస్తున్నారా? అయితే ఈవోను కలిసి దేవాదాయ శాఖ ఉద్యోగుల సంక్షేమ సహాయం గురించి అడగండి. ఇంటి మేళగాళ్ళలో డప్పు కళాకారులు ఎవరైనా ఉంటే వాళ్ళకు నెలకు 4,000 పింఛను ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకిచ్చే నెలసరి సాయానికి 60 ఏళ్ళు నిండాలి, ఇప్పుడు అక్కరకు రాదు.

బ్యాంకు ఖాతా: ఇక్కడే చాలా ఇళ్ళు ఇరుక్కుంటాయి

ముందు గురువుగారి పాసుపుస్తకం చూడండి. జన్‌ధన్ కింద కేవైసీ పూర్తికాకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాదు, నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీయలేరు. మీరు క్యూఆర్ కోడ్ పంచిన రెండో రోజే ఖాతా ఆగిపోతుంది. బ్రాంచికి వెళ్ళి పూర్తి కేవైసీ చేయించండి.

రెండోది, ఆయన ఒక్కరి పేరు మీదే ఖాతా ఉండకూడదు. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు మెడ దగ్గర గొట్టం ఉండొచ్చు, మాట రాదు, ఓటీపీ చెప్పలేరు, సంతకం కుదరదు. అమ్మగారితో కలిపి జాయింట్ ఖాతా తెరవండి, ఇద్దరిలో ఎవరైనా తీయగలిగే పద్ధతిలో, నామినీ రాయించి. పాత ఖాతా మీద బాకీ ఉంటే (ముద్రా, గోల్డ్ లోన్, వాయిదాల మీద కొన్న బండి) వచ్చిన సాయం వచ్చినట్టే వాయిదా కింద కోసుకుపోతుంది. అందుకని ఈ ఖాతాను అప్పు లేని బ్యాంకులో తెరవడం మంచిది.

అదే పాసుపుస్తకంలో ఏటా మే నెలలో 436 రూపాయలు కోసుకున్నట్టు ఉందేమో చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా, రెండు లక్షల కవరేజీ, 55 ఏళ్ళ వరకూ ఉంటుంది. మే నెలాఖరుకు ఆ ఖాతాలో 436 లేకపోతే బీమా ఆగిపోతుంది. కొత్త ఖాతా తెరిచిన హడావిడిలో పాతది ఖాళీ చేస్తారు, బీమా పోతుంది, ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు నడుస్తున్నది వైశాఖమే కాబట్టి ఈ పని రేపే చేయండి.

డబ్బు మీ ఖాతాలోకో శిష్యుల్లో ఒకరి ఖాతాలోకో వేయించుకోవద్దు. ఎంత నిజాయితీపరుడైనా సరే. మూడో నెలకి లెక్క అడిగేవాళ్ళు వస్తారు. పైగా పన్ను చట్టం దృష్టిలో అది మీ చేతికి వచ్చిన డబ్బు అవుతుంది. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో అందింది మొత్తం 50,000 దాటితే ఆ మొత్తమంతా పుచ్చుకున్నవాళ్ళ ఆదాయంగా లెక్కిస్తారు. కుటుంబానికి వేరే ఆదాయం పెద్దగా లేదు కనుక, కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 4 లక్షల లోపు ఉంటే పన్ను పడదు. దాటేలా ఉంటే మాత్రం ముందుగానే ఒక ఆడిటర్‌ని అడగండి. పన్ను కట్టే కుటుంబం అని రికార్డు పడితే రైస్ కార్డుకే ఎసరు, కార్డు పోతే ఆరోగ్య పథకానికీ చిక్కే.

అమెరికాలో ఉన్న గుంటూరు వాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఎలా పంపాలని. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ ఎన్నారై ఖాతా నుంచి పంపొచ్చు, గ్రీన్‌కార్డు ఉన్నా ఫర్వాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బుకు విదేశీ విరాళాల చట్టం అడ్డు రావచ్చు. ఆడిటర్ చెప్పకుండా వాళ్ళ చేత ఇంటి ఖాతాలో వేయించకండి.

ఒప్పుకున్న పెళ్ళిళ్ళు

బయటివాళ్ళకు తట్టని విషయం ఇది, మేళాలవాళ్ళకు మాత్రం మొదట గుర్తొచ్చేది ఇదే. వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ ముహూర్తాలకు గురువుగారు అడ్వాన్సులు తీసుకునే ఉంటారు, ఆ డబ్బు ఖర్చయిపోయే ఉంటుంది. ఆయన డైరీ తీసుకుని, తేదీ, ఊరు, పెళ్ళివారి ఫోన్ నంబరు, ఒప్పుకున్న మొత్తం, తీసుకున్న అడ్వాన్సు వరసగా ఒక కాగితం మీద రాయండి. పెళ్ళివారికి వేరేచోట తెలిసి వాళ్ళు అడ్వాన్సు వెనక్కి అడగకముందే మీరే ఫోన్ చేసి "గురువుగారి ఆరోగ్యం బాగాలేదు, ఫలానా సెట్టు వస్తుంది, రేటు అదే" అని చెప్పాలి. నూటికి తొంభై మంది ఒప్పుకుంటారు. పెళ్ళి తేదీ దగ్గరపడ్డాక కొత్త మేళాన్ని వెతుక్కోవడం వాళ్ళకూ తలనొప్పే.

లెక్క ఎలా చేయాలో చెప్తాను. ఒక పెళ్ళి 20,000కి ఒప్పుకుని 5,000 అడ్వాన్సు తీసుకున్నారనుకోండి. వచ్చే సెట్టుకు పెళ్ళివారి నుంచి అందేది 15,000. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, శ్రుతి, ఆటో ఖర్చు చూసుకుంటే ఆ సెట్టు నాయకుడు ఆ 5,000 లోటు భరించలేడు. మొదటి పెళ్ళి మొహమాటానికి వాయిస్తాడు, రెండోదానికి రాడు. అందుకని శిష్యులు వేసుకునే కమిటీ మొదటి ఖర్చు ఈ అడ్వాన్సులు సర్దడమే. అలాంటివి ఎనిమిది పెళ్ళిళ్ళుంటే 40,000. దానికి బదులు మేళం కుదిర్చినవారి వాటా కింద పెళ్ళికి 3,000 గురువుగారి ఇంటికి చేరేలా మాట తీసుకోండి. ఎనిమిదింటికి 24,000 వస్తుంది. ఆ డబ్బు ఆయన పేరు మీద వచ్చిన సంభావన, విరాళం కాదు. అమ్మగారు దాన్ని తలెత్తుకుని తీసుకోగలరు. ఈ తేడా చిన్నదనుకోవద్దు.

అలాగే పాఠాలు. గురువుగారి దగ్గర నేర్చుకునే పిల్లలను చెదిరిపోనివ్వకండి. సీనియర్ శిష్యులు ఇద్దరు వారానికి రెండేసి రోజులు అదే ఇంట్లో కాకుండా దగ్గర్లో పాఠం చెప్పండి, ఫీజు ఇంటికి వెళ్ళాలి. సన్నాయిలు, డోళ్ళు అమ్మకానికి పెట్టారని తెలిస్తే వెంటనే ఆపండి. డబ్బు మరీ అవసరమైతే ఒక శిష్యుడు దాన్ని కొన్నట్టు కాగితం రాసుకుని వాద్యం ఆ ఇంట్లోనే ఉంచొచ్చు.

నెలకు ఎంత కావాలి

అమ్మగారితో కూర్చుని రాయండి. ఉదాహరణకు అద్దె 7,000, సరుకులు, పాలు, గ్యాస్ 9,000, పిల్లల చదువు 4,000, ఆసుపత్రి రాకపోకలు 3,000, పథకంలో రాని మందులు, ప్రొటీన్ పౌడరు, పాలడబ్బాలు 5,000. మొత్తం 28,000. పది నెలలకు 2,80,000. శిష్యులు, పాత శిష్యులు, తోటి కళాకారులు కలిసి 56 మంది నెలకు 500 వేస్తే సరిపోయింది. బ్యాంకు యాప్‌లో ప్రతి నెలా 5వ తేదీకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి, గుర్తుచేసే పని తప్పుతుంది. 56 మంది పేరిస్తే నాలుగో నెలకి 40 మంది మిగులుతారు, ఇది మామూలే. అందుకే కచేరీ డబ్బు ఆ లోటుకు కావాలి.

ఇస్లాం పాటించే కుటుంబం కనుక ఇంకో దారి కూడా ఉంది. జకాత్ ఇవ్వాల్సినవాళ్ళు ఏడాది నిల్వలో 2.5 శాతం అర్హులైన పేదవారికి ఇస్తారు. చాలామంది రంజాన్‌లోనే తీస్తారు, కానీ ఏడాది పొడవునా ఇవ్వొచ్చు. మసీదు కమిటీ పెద్దలతో కుటుంబం తరఫువాళ్ళు మాట్లాడితే బాగుంటుంది, శిష్యులు కాదు. గుళ్ళో మంగళవాద్యం వాయించే ముస్లిం విద్వాంసుల ఇళ్ళు చిలకలూరిపేట, కరవది వైపు తరాలుగా ఉన్నాయి. పేరుమోసిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారిది కరవదే. ఇలాంటి ఇంటికి రెండు వైపుల నుంచీ సాయం రావడం సహజమే, దాన్ని పోస్టర్ మీద మతసామరస్య ప్రచారంగా మార్చకుండా ఉంటే చాలు.

ఆసుపత్రిలో కళాకారుడి కోసం విడిగా అడగాల్సినవి

డాక్టరుకు మొదటిరోజే చెప్పండి: ఈయన సన్నాయి వాయిస్తారు, జీవనాధారం పెదవులు, బుగ్గలు, ఊపిరి, చెవులు. చికిత్స మారిపోతుందని కాదు, మార్చగల చోట మారుస్తారని.

బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌లో తీసేసిన చోట వేరే చోటి కండను అతికిస్తారు. నోరు ఎంత తెరుచుకుంటుంది, గాలి బిగపట్టగలరా అనేది దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్, రేడియేషన్ తర్వాత దవడ బిగుసుకుపోవడం సాధారణం. దానికి నోరు తెరిచే వ్యాయామాలు రోజూ చేయించాలి, ఫిజియోథెరపిస్టును, మాట, మింగుడు చూసే థెరపిస్టును అడిగి మొదలుపెట్టించాలి. వదిలేసి ఆర్నెల్ల తర్వాత వెళ్తే పెద్దగా తిరిగి రాదు. రేడియేషన్‌కు ముందు దంతవైద్యుడి పరీక్ష తప్పనిసరి. తీయాల్సిన పళ్ళు ముందే తీసేసి గాయం మానాలి. రేడియేషన్ పడ్డ దవడ మీద తర్వాత పన్ను పీకితే ఎముక మానని ప్రమాదం ఉంది.

సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారేమో అడగండి. అది చెవుల్లో పై స్థాయి శబ్దాలను పోగొట్టగలదు, తిరిగి రాకపోవచ్చు. మొదటి డోసుకు ముందే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించండి, మధ్యలో చెవిలో గుయ్‌మంటే వెంటనే చెప్పమనండి. డోలు, మృదంగం, వయొలిన్ వాళ్ళ విషయంలో కొన్ని కీమో మందులు వేళ్ళ చివర్లు మొద్దుబార్చడం గురించీ ఇలాగే అడగాలి.

"మళ్ళీ వాయిస్తారు" అని ఎవరూ మాటివ్వకండి, పోస్టర్ మీద అసలు రాయకండి. వాయించగలగొచ్చు, లేకపోవచ్చు. మేళం నడపడం, పాఠం చెప్పడం, తాళం వేసి దిద్దడం మాత్రం చాలామందికి సాధ్యమే. ఇంటి ఆదాయం లెక్క దాని మీదే వేసుకోండి.

కాలక్రమం ఇలా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత పూర్తి రిపోర్టు రావడానికి వారం, రెండు వారాలు. రేడియేషన్ అవసరమైతే ఆపరేషన్ నుంచి ఆరు వారాల లోపు మొదలుపెట్టాలి. వారానికి ఐదు రోజులు, మొత్తం ఆరు, ఆరున్నర వారాలు. పూట పూటకీ ఆటో ఖర్చు, తోడుగా ఒక మనిషి. అమ్మగారే రోజూ వెళ్తే ఆమె పడిపోతారు. బండి ఉన్న ఐదుగురు శిష్యులకు సోమవారం నుంచి శుక్రవారం దాకా తలా ఒక రోజు పంచండి. మధ్యలో రోజులు పోతే చికిత్స ఫలితం దెబ్బతింటుంది కాబట్టి, ఎవరికి కుదరకపోయినా బదులు మనిషిని ముందురోజు రాత్రికే చెప్పాలి.

తిండి గురించి: మూడో వారం నుంచి నోరంతా పూసి మింగడం కష్టమవుతుంది. గుంటూరు ఇళ్ళు కాబట్టి విడిగా చెప్తున్నాను, ఊరగాయ, కారప్పొడి, వేడివేడి పులుసు అన్నీ బంద్. మీరు ప్రేమగా తెచ్చే గోంగూర కూడా. పలుచని రాగిజావ, మెత్తగా ఉడికించి మిక్సీ పట్టిన పప్పన్నం, గుడ్డు, పాలు, పెరుగు. ముక్కు గొట్టం పెట్టాల్సి వస్తే దాన్ని చూసి భయపడకండి, బరువు తగ్గకుండా కాపాడేది అదే. వారానికోసారి బరువు చూసి రాయండి. వంట బాధ్యత రోజుకొక ఇంటికి, సాయంత్రం ఏడింటిలోపు, చుట్టాలందరికీ కాకుండా నలుగురికి సరిపడా.

కీమో నడుస్తున్నప్పుడు 100.4 డిగ్రీలు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోకూడదు, ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ రాత్రి ఫోన్ చేస్తే వచ్చే ఇద్దరి నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంచండి. చూడటానికి వచ్చేవాళ్ళు శాలువలు, పూలదండలు, జలుబు తీసుకురావద్దు. ఫొటో తీయొద్దు. ఆపరేషన్‌కు రక్తం కావాలంటారు. శిష్యులందరూ ఒకేరోజు ఇచ్చేయకండి. మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. ఖైనీ, గుట్కా అలవాటున్న మేళగాళ్ళు ఎవరైనా నోట్లో మానని తెల్ల మచ్చో పుండో ఉంటే ఇదే రాకపోకల్లో చూపించుకోండి. గురువుగారిని మాత్రం "అందుకే చెప్పాం" అని సాధించకండి.

ఇక కచేరీ

ఆషాఢం ఎందుకన్నానంటే, పెళ్ళిళ్ళుండవు, మేళాలన్నీ ఖాళీ, హాళ్ళూ ఖాళీ. ఇప్పుడు వైశాఖంలో పెడితే మంచి విద్వాంసులు ముహూర్తాలు వదులుకుని రావాలి, అంటే సాయం చేసేవాడి ఇంటికి గండి కొట్టినట్టు. పైగా ఆషాఢం వచ్చేసరికి ఆయన రేడియేషన్‌లో ఉంటారు, అసలు అవసరం ఎంతో అంకెలతో తెలుస్తుంది.

గుంటూరులో అయితే శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, విజయవాడలో అయితే తుమ్మలపల్లి కళాక్షేత్రం. నా ఓటు గుంటూరుకే. శిష్యులు, పెళ్ళివాళ్ళు, తెలిసినవాళ్ళు అక్కడే ఉన్నారు. విజయవాడ పేరుకు పెద్ద, కానీ బస్సు ఎక్కి వచ్చేవాళ్ళు తక్కువ.

హాలు అద్దె, మైకు, పోస్టర్లు ముందుగా ఒకరిద్దరు దాతలతో కట్టించేయండి. టికెట్ డబ్బులోంచి ఖర్చు తీస్తే జనం నమ్మరు. ప్రవేశం 500 దాటనివ్వకండి, దాటితే జీఎస్‌టీ చిక్కు రావచ్చు. ఎక్కువ ఇవ్వదలచినవాళ్ళు విరాళంగా వేరే ఇస్తారు. త్యాగరాజ కీర్తనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, సినిమా పాటలు వాయిస్తే హక్కుల సంస్థ లైసెన్సు కావాలి. పోలీసు అనుమతికి కనీసం వారం ముందు పెట్టండి, రాత్రి పదికి మైకు ఆపాలి. ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. సన్నాయి కచేరీకి జనం వచ్చేది వినడానికి, ఉపన్యాసాలకు కాదు. మొత్తం మాటలు పది నిమిషాలు.

విద్వాంసులు ఉచితంగా వాయిస్తామంటే సంతోషం, కానీ డోలు కళాకారులకూ మైకు ఆపరేటర్‌కూ దారి ఖర్చులూ, ఎంతో కొంతా ఇవ్వండి. వాళ్ళ ఇళ్ళూ ఆషాఢంలో ఖాళీగానే ఉంటాయి. గురువుగారిని వేదిక మీద కూర్చోబెట్టొద్దు. రేడియేషన్‌లో ఉన్న మనిషికి జనంలో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం, మాట్లాడలేని స్థితిలో జనం ముందు కూర్చోవడం అవమానంగానూ ఉంటుంది.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెర మీద అమ్మగారి పేరే కనిపించాలి, పోస్టర్ మీద కూడా ఆ పేరు రాయండి. హాలు గుమ్మం దగ్గర అంటించిన కోడ్‌ మీద ఇంకొకటి అతికించి డబ్బు కాజేసే వాళ్ళుంటారు, గంటకోసారి ఒకరు స్కాన్ చేసి చూడాలి. నగదు పెట్టె ఇద్దరి ముందు తెరిచి, లెక్క రాసి ఇద్దరూ సంతకం పెట్టి, మర్నాడే బ్యాంకులో వేయాలి. డబ్బు ఇచ్చినవాళ్ళందరికీ లెక్క వాట్సాప్‌లో నెలనెలా పంపండి. ఇంత వచ్చిందని మాత్రం ఫ్లెక్సీల మీద, పత్రికల్లో వేయకండి. వేసిన మర్నాడే అప్పులవాళ్ళు వరసకడతారు, వాళ్ళ వెనకే "మూడు డోసుల్లో క్యాన్సర్ మాయం" అనే పసరు మందులవాళ్ళు వస్తారు.

ఇంకొకటి, ఎవరూ అడగడానికి ఇష్టపడనిది. డబ్బు మిగిలితే, లేదా గురువుగారు మనకు దక్కకపోతే, ఆ నిల్వ ఎవరిది? మొదటిరోజే కాగితం మీద రాసి, అమ్మగారి చేత, కమిటీ చేత సంతకం పెట్టించండి: మిగిలింది పిల్లల చదువుకు ఫిక్స్‌డ్ డిపాజిట్, అమ్మగారి పేరు మీద. ఈ ఒక్క కాగితం లేకపోతే అన్నదమ్ములు, అల్లుళ్ళు తర్వాత వాటా అడుగుతారు.

అన్నిటికీ ముందు గురువుగారి అనుమతి. "క్యాన్సర్" అన్న మాట బయట వాడొచ్చా, ఫొటో వేయొచ్చా, ఏ ఫొటో అని ఆయన్నే అడగండి. ఇంట్లో పెళ్ళికెదిగే ఆడపిల్ల ఉంది, మన ఊళ్ళలో జనం ఏమంటారో మీకు తెలుసు. ఆయన వద్దంటే "అనారోగ్యం" అని రాయండి, వచ్చే డబ్బు ఏమీ తగ్గదు.

మీ గ్రూపులో పెట్టడానికి ఇలా రాయొచ్చు:

"మన గురువుగారికి ఈ నెలలో ఆపరేషన్. ఆసుపత్రి ఖర్చు చాలావరకు పథకంలో వస్తుంది, దానికి డబ్బు పంపవద్దు. పది నెలలు ఇల్లు గడవడానికి నెలకు 28,000 కావాలి. నెలకు 500 చొప్పున పది నెలలు వేయగలవారు పేరు రాయండి. ఒక్కసారి పెద్ద మొత్తం కంటే ఇదే మేలు. వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణాల్లో ఆయన ఒప్పుకున్న ముహూర్తాలకు వాయించగల సెట్లు విడిగా ఫోన్ చేయండి. బండి ఉన్నవారు వారానికి ఒక పగలు ఇవ్వగలిగితే ఏ రోజో రాయండి. ఇంటికి ఫోన్లు చేయవద్దు, చూడటానికి వచ్చేముందు అడగండి. లెక్క ప్రతి నెలా 10వ తేదీన ఇక్కడే పెడతాం."

ఖాతా నంబరు ఈ మెసేజ్‌లో పెట్టకండి. పేరు రాసినవాళ్ళకు విడివిడిగా పంపండి.